పెంటమ్మ పేరు ఎలా పోయింది

కొత్తగా నర్సు ఉద్యోగాల్లో చేరే అమ్మాయిల కోసం నాలుగు మంచి మాటలు రాసిపెట్టమన్నారు. నాలుగు మంచి మాటలంటే సేవ, సహనం, త్యాగం, చిరునవ్వు అని అడిగినవాళ్ల ఉద్దేశం. అవి మీ ఆసుపత్రి గోడల మీద పెయింటుతో రాసే ఉంటాయి, నిలబడి చదువుకోండి. సహనం నాకు ఎప్పుడూ లేదు. చిరునవ్వు నైట్ డ్యూటీ అయిపోయిన పొద్దున తప్ప వచ్చినట్టు గుర్తులేదు.

నా పేరు దీవెనమ్మ. ఉద్యోగమంతా పురుళ్ల వార్డులోనే గడిచింది. మొదట ఏలూరులో, ఆ తర్వాత రిటైరయ్యేదాకా తాడేపల్లిగూడెంలో ఒక ప్రైవేటు ఆసుపత్రిలో హెడ్ సిస్టరుగా. సూది ఎలా వెయ్యాలో, బీపీ ఎలా చూడాలో మీకు కాలేజీలో చెప్పే ఉంటారు. చెప్పనిది ఒకటుంది. పురిటి మంచం దగ్గర పిల్ల ఆరోగ్యం గురించి జరిగే చర్చ తక్కువ, పిల్ల పేరు గురించి జరిగే యుద్ధం ఎక్కువ. ఆ యుద్ధం మధ్యలో థర్మామీటరు పట్టుకుని నిలబడేది మీరే.

మా లెక్కలో పుట్టిన పిల్లకి పేరుండదు. తల్లి పేరు మంగ అయితే పిల్ల చేతికి 'బేబీ ఆఫ్ మంగ' అని ప్లాస్టరు ముక్క అంటిస్తాం. ఇంటికెళ్లేదాకా అదే పేరు. నన్నడిగితే అంతకంటే నిజమైన పేరు ఆ పిల్లకి మళ్లీ ఎవరూ పెట్టరు.

ముందు మా ఇంటి సంగతి

ఊళ్లోవాళ్ల పేర్లని వెక్కిరించే ముందు మన ఇంటి గుట్టు చెప్పుకోవాలి కదా. మాది మిషను దొరల కాలం నాటి క్రైస్తవ కుటుంబం. మా అమ్మ కృపమ్మ, పెద్దమ్మ సువార్తమ్మ, చిన్నమ్మ సంతోషమ్మ. సంతోషమ్మ పిన్ని నవ్వగా నేనెప్పుడూ చూడలేదు, అది వేరే సంగతి. ఆదివారం చర్చిలో అటు పక్క ముగ్గురు దీవెనమ్మలు, ఇటు పక్క ఇద్దరు దీవెనమ్మలు ఉండేవాళ్లం. పాస్టరుగారు 'దీవెనమ్మ ప్రార్థన చేస్తుంది' అంటే ఎవరు లేవాలో తెలియక ఎవరమూ లేచేవాళ్లం కాదు.

ఇప్పుడు చర్చిలో దీవెనమ్మని నేనొక్కదాన్నే. మిగతావాళ్లంతా బ్లెస్సీలు, షారోన్లు, జెస్సికాలు. మా తమ్ముడి కూతురు తన పిల్లకి బ్లెస్సీ అని పెట్టుకుంది.

"మా అమ్మే! నా పేరు పెట్టావా!" అని పొంగిపోయాను.

"నీ పేరెందుకు పెడతానత్తా? నీది మరీ పాతది. ఇది స్టైల్‌గా ఉంటుంది."

"ఒసే పిచ్చిమొహమా, దీవెనని ఇంగ్లీషులోకి మారిస్తే అదే కదే!"

అది కాసేపు ఆలోచించి, "అలాగేం లేదత్తా, బ్లెస్సీ అంటే అర్థం ఏమీ ఉండదు, పేరంతే" అంది. దానిది డిగ్రీ చదువు.

మేడంగారి ముహూర్తాలు

రెండు వేల సంవత్సరం దాటిందో లేదో, మా గోదావరి జిల్లాల మీదకి అక్షరాల జబ్బు ఒకటి దిగింది. అంతకుముందు పిల్లకి తాత పేరో అమ్మమ్మ పేరో పెట్టి ఊరుకునేవారు. ఇప్పుడు సిద్ధాంతిగారు చెప్పిన అక్షరంతో మొదలవ్వాలి, ఇంగ్లీషులో రాస్తే కూడిక సరిపోవాలి, ఊళ్లో ఇంకెవరికీ ఉండకూడదు. ఎవరికీ లేని పేరని పెట్టుకున్న హన్సికలు ఒకే వారంలో మా వార్డులో నలుగురు పుట్టారు. నాలుగు మంచాలవాళ్లూ ఒకళ్లనొకళ్లు దొంగల్ని చూసినట్టు చూసుకున్నారు. కూడిక కుదరకపోతే పేరు మధ్యలో ఇంకో 'ఎ', చివర ఇంకో 'హెచ్' తగిలించేవారు. తల్లి కడుపులో ఎదగని పిల్లకి పేరు మాత్రం మూరెడు.

మా పెద్ద డాక్టరుగారిని అందరం మేడంగారు అనేవాళ్లం. చెయ్యి మంచిది, నోరు చెడ్డది. ఆవిడకి మూఢనమ్మకాలంటే మంట. తాయెత్తు కట్టుకొచ్చిన పిల్ల కనిపిస్తే ఆ తల్లి చెవులు చిల్లులు పడేలా తిట్టేవారు. కానీ సిజేరియన్ దగ్గరికి వచ్చేసరికి, డబ్బున్నవాళ్ల సిద్ధాంతి ఫలానా లగ్నంలో పుడితే కలెక్టరవుతాడని చెబితే, ఆ లగ్నానికి గ్లౌజులు తొడుక్కుని, కత్తి పట్టుకుని, గడియారం వంక చూస్తూ నిలబడేది ఆవిడే. నేను పక్కన నిలబడి "ఇంకా రెండు నిమిషాలుందండి మేడం" అని చెప్పేదాన్ని. తాయెత్తు మూఢనమ్మకం, ముహూర్తం సైన్సు. ఈ తేడా మీకు కాలేజీలో చెప్పరు, ఉద్యోగంలో చేరాక తెలుస్తుంది.

అలాగని ఆవిడ చెడ్డది కాదు. పిల్ల ప్రాణం మీదకి వస్తే తిండి మానేసి కూర్చునేది. బాసుల్లో అలాంటివాళ్లు దొరికితే నోటి దురుసు భరించండి. తియ్యగా మాట్లాడుతూ పిల్లని వదిలేసి ఇంటికెళ్లే డాక్టర్లనీ చూశాను నేను.

పెంటపోగు

ఇప్పుడు అసలు పేరుకొస్తాను. పెంటమ్మ. ముందు నవ్వుకోండి, నవ్వడం అయ్యాక చదవండి.

నేను ఉద్యోగంలో చేరిన కొత్తలో ఏలూరు వార్డులో "పెంటమ్మా" అని పిలిస్తే రెండు మూడు మంచాల మీంచి తలలు లేచేవి. పెంటయ్యలు బయట వరండాలో బీడీలు కాలుస్తుండేవారు. ఆ పేరు ఎలా వచ్చేదంటే, పుట్టిన పిల్లలు వరసగా పోతున్న ఇంట్లో మళ్లీ ఒకళ్లు పుడితే, ఆ బిడ్డని చేటలో పెట్టి తీసుకెళ్లి పెంటపోగు మీద పడుకోబెట్టేవారు. తల్లి "ఈ పెంట నాకొద్దు" అనాలి. ఎవరో పరాయి ఆవిడ ఎత్తుకుని "పెంట మీద పిల్ల దొరికింది, కొనుక్కుంటారా" అని అడగాలి. తల్లి చేటెడు తవుడు పోసి తన బిడ్డని తనే కొనుక్కోవాలి. ఆడపిల్లయితే పెంటమ్మ, మగపిల్లాడైతే పెంటయ్య. యముడు వచ్చి చూసి, ఇదేదో పెంట మీద దొరికిన సరుకు, మనకెందుకులే అని వెళ్లిపోతాడని లెక్క. యముణ్ణి ఇంత తెలివితక్కువవాడి కింద కట్టిన జనం మావాళ్లే అయ్యుంటారు.

ఆ రోజుల్లో పెంట అంటే తిట్టు కాదు. పేడ, గడ్డి, బూడిద కలిసి మాగిన ఎరువు. పెంటపోగు ఎంత పెద్దదైతే ఆ రైతుకి అంత గౌరవం. యూరియా బస్తాలు వచ్చాక పోగు విలువ పోయింది, మాట తిట్టయింది. ఇప్పుడు "అంతా పెంట చేశావు" అనడానికి తప్ప ఎవరికీ అక్కర్లేదు.

ఆ పేరు ఎందుకు పోయిందని అడగండి. మాస్టర్లు చదువు వచ్చిందంటారు, ఆడవాళ్లు టీవీ వచ్చిందంటారు. రెండూ కాదు. పిల్లలు బతకడం మొదలెట్టారు, అంతే. కడుపుతో ఉన్నవాళ్లకి ధనుర్వాతం సూదులు వచ్చాయి. బొడ్డు కొయ్యడానికి కొడవలి పోయి కొత్త బ్లేడు వచ్చింది. పిల్లలు దక్కుతుంటే యముణ్ణి మోసం చెయ్యాల్సిన పని తగ్గింది, పేరు దానంతటది జారిపోయింది. సినిమావాళ్లు కాదు, సూది పట్టుకున్న మేము పోగొట్టాం దాన్ని. నాకు ఈ ఒక్క విషయంలో గర్వం ఉంది, దాచుకోను.

బేబీ ఆఫ్ నాగమణి

పోయిందనుకున్న ఆ పేరు మళ్లీ నా వార్డులోకే వచ్చింది. తీసుకొచ్చింది నాగమణి అత్తగారు సత్తెమ్మ.

నాగమణి ఇంటర్ పాసైన పిల్ల. పుట్టిల్లు మా గూడెం పక్కన. అత్తిల్లు కొల్లేటికోట. మొగుడు ఏడుకొండలు అక్కడ చేపల చెరువుల మీద మేత వేసే పనిలో ఉండేవాడు. అంతకుముందు పుట్టిన ఇద్దరు బిడ్డలూ నెల తిరక్కుండా పోయారు. మూడోసారి భయపడి మా దగ్గరికి తీసుకొచ్చారు. ఆడపిల్ల పుట్టింది, బరువు తక్కువ. నాలుగో రోజుకి పాలు తాగడం మానేసింది, ఒళ్లు చల్లబడింది. రక్తంలో ఇన్ఫెక్షను. చిన్న చేతికి సెలైను పెట్టి, మందు ఎక్కిస్తూ, వెచ్చగా ఉండే వార్మరు కింద పడుకోబెట్టాం. ఇక్కణ్ణుంచి కదిపితే నా పూచీ లేదని మేడంగారు గట్టిగా చెప్పేశారు.

సత్తెమ్మ వార్డు బయట బల్ల మీద కూర్చుని అంతా వింది. నేను బయటికి రాగానే లేచి నిలబడింది.

"సిస్టరుగారూ, ఒక్క పూట పంపండి. పిల్లని కొల్లేటికోట తీసుకెళ్లి పెంట మీద వేసి, సాయంత్రానికి తెచ్చేస్తామండి."

"ఏంటమ్మా! ఈ కాలంలో మీ ఇంట్లో పెంటపోగు ఎక్కడుంది?"

"ఎందుకు లేదండీ! చేపల చెరువులోకని తోలించిన కోళ్ల ఎరువు గట్టు మీద గుట్టలా ఉంది."

మాగిన పేడకుప్ప కూడా కాదు, పచ్చి కోళ్లఫారం ఎరువు. దాని పక్కన చెరువుల్లో చల్లే మందుల ఖాళీ డబ్బాలు ఉంటాయి. ఊపిరి తీసుకోవడానికే కష్టపడుతున్న పిల్లని దాని మీద పడుకోబెడతారట, బతకాలని.

లోపల నాగమణి ఏడుస్తోంది. "నాకవేం నమ్మకాల్లేవండి. పెంటమ్మేంటండీ, ఛీ, రేపు బళ్లో నవ్వరా? కానీ ఆవిడ మాట కాదంటే, పిల్లకి ఏమన్నా అయితే, నా మూలానే పోయిందంటారు కదండీ."

మేడంగారు వచ్చి ఆవిడ పద్ధతిలో వైద్యం చేశారు. "అనాగరికులు! తీసుకెళ్లి చంపుకోండి. సంతకం పెట్టి పొండి" అని అరిచి థియేటర్లోకి వెళ్లిపోయారు. సత్తెమ్మకి కావలసిందీ అదే. సంతకం పెడితే పంపిస్తారన్నమాట! ఏడుకొండలు ఆటో పిలిచేశాడు. గేటు దగ్గర ఆటో ఆగిన చప్పుడు వార్డులోకి వినిపించింది.

అమ్మాయిలూ, ఇక్కడ చూడండి. ఆ పిల్ల గేటు దాటితే తిరిగి రాదు. కొల్లేటికోట దాకా సెలైను లేకుండా, వేడి లేకుండా, రోడ్డు గుంటల్లో ఆటో. ఎరువు దాకా కూడా వెళ్లక్కర్లేదు, కైకలూరు దాటకుండానే అయిపోతుంది. సత్తెమ్మకి క్రిముల గురించి పాఠం చెప్పే టైము లేదు. చెప్పినా వినదు, ఇద్దరు మనవల్ని మట్టిలో పెట్టిన మనిషి. ఇలాంటివి చెయ్యొద్దని ఏళ్లతరబడి వార్డులో తల్లులకి ఉపన్యాసాలిచ్చినదాన్ని నేనే.

"సత్తెమ్మగారూ, పెంట మీద వెయ్యాలి, అంతేగా? ఇక్కడే వేద్దాం. పెంట నేను తెప్పిస్తాను" అన్నాను.

ఉడకబెట్టిన చేట

మార్కెట్ నించి కొత్త వెదురు చేట తెప్పించాను. ఆపరేషను సామాన్లు ఆవిరితో ఉడకబెట్టే ఆటోక్లేవులో పెట్టించాను. అది ఆ వేడికి కాస్త వంకర తిరిగింది. డాబా మీద ఎండిన వరిగడ్డి సర్ది, దాని మీద థియేటర్లో వాడే ఉడికిన ఆకుపచ్చ గుడ్డలు మడతలు మడతలుగా పరిచి, వార్మరు పక్కనే నేల మీద పోగు తయారుచేశాను.

సత్తెమ్మ వచ్చి చూసింది. చుట్టూ తిరిగింది. ముక్కు దగ్గరగా పెట్టి వాసన కూడా చూసింది.

"ఏవండీ, ఇది పెంటేనా అండీ? పెళ్లికూతురి పరుపులాగుంది. కంపు లేకపోతే ఆ యముడు నమ్ముతాడంటారా?"

"రోజూ ఆసుపత్రికి వచ్చిపోయేవాడే కదమ్మా. ఇక్కడి పెంట ఇలాగే ఉంటుందని ఆయనకి తెలుసు."

అయినా మనసొప్పలేదు ఆవిడకి. చివరికి క్యాంటీన్ నించి గుప్పెడు ఉల్లిపొట్టు తెప్పించి, గుడ్డలకి దూరంగా అంచున చల్లితే ఒప్పుకుంది. ఇంకో పేచీ వచ్చింది. బిడ్డని ఎత్తేది ముత్తైదువై ఉండాలి. నా నుదుటి వంక చూసి, "మీకు బొట్టు లేదు కదండీ" అంది.

"బొట్టు లేదు గాని మొగుడున్నాడులెండి. ఇంటికొస్తే చూపిస్తాను."

"ఆయ్, పోనీలెండి. వేరే మతమైతే యముడికి అనుమానం రాదు."

పిల్లని సెలైను స్టాండుతో సహా కదిపి చేటలో పడుకోబెట్టాం. సెలైను బాటిలు వేలాడేసుకుని పెంటపోగెక్కిన పిల్ల మా జిల్లాలో ఇంకొకతి ఉండదు. గోడవారన నిలబడ్డ మా జూనియర్ సిస్టర్లు నోటికి చేతులడ్డం పెట్టుకుని నవ్వుతున్నారు. నాకూ నవ్వొస్తోంది. ఆ నవ్వు ఎంతసేపో లేదు.

"అనవే" అంది సత్తెమ్మ కోడలితో.

నాగమణి నోరు తెరిచింది. మాట రాలేదు. ఈ పెంట నాకొద్దు. అంతే, చిన్న మాట. ఛీ అన్న పిల్ల, నమ్మకం లేదన్న పిల్ల, ఆ మాట అనలేకపోయింది. "ఈ పెంట" దాకా వచ్చి ఆగిపోయింది. మళ్లీ మొదలెట్టింది, మళ్లీ అక్కడే ఆగింది. జూనియర్ల నవ్వు ఎప్పుడు ఆగిందో నేను చూడలేదు. మూడోసారి కళ్లు గట్టిగా మూసుకుని, "నాకొద్దు" అని అరిచినంత పని చేసి, రెండు చేతులూ వెనక్కి కట్టేసుకుంది, ఎక్కడ బిడ్డని లాగేసుకుంటానో అని తనకే భయమేసినట్టు. ఎన్ని పురుళ్లు చూశానో, ఇంత కష్టపడి కన్న తల్లిని చూడలేదు.

నేను బిడ్డని ఎత్తుకున్నాను. లోపల యేసుప్రభువుకి ప్రార్థన చేసుకుంటూనే, పైకి "పెంట మీద పిల్ల దొరికిందండీ, ఎవరన్నా" అన్నానో లేదో, "నేను! నేను కొంటాను!" అంటూ నాగమణి మీదకి వచ్చేసింది. చేటలో పొయ్యాలని సత్తెమ్మ తెప్పించి పెట్టిన తవుడు నేలంతా పోసేసింది. నా తెల్ల చీర నిండా తవుడు.

సరిగ్గా అప్పుడు మేడంగారు వచ్చారు. నేలంతా తవుడు, ఉల్లిపొట్టు, వంకర చేట.

"దీవెనమ్మా! నా వార్డులో చెత్తా!"

"స్టెరైల్ చెత్తండి మేడం."

"సిగ్గులేదూ? ఈ కాలంలో కూడా ఈ మూఢనమ్మకాలేంటి?"

"అవునండి. థియేటర్ రెడీ చేశానండి, రెండో మంచం వాళ్ల సిద్ధాంతిగారు లగ్నం దగ్గర పడిందని ఫోన్ చేశారు."

మేడంగారు గిర్రున వెనక్కి తిరిగి థియేటర్లోకి వెళ్లిపోయారు. ఆ నెలంతా నాతో సరిగ్గా మాట్లాడలేదు. కానీ ఆ సాయంత్రం ఇంటికెళ్లకుండా ఆ పిల్ల దగ్గరే కూర్చున్నారు.

ఆటో ఖాళీగా వెళ్లిపోయింది. పిల్ల మెల్లిగా తేరుకుని పాలు తాగింది. డిశ్చార్జి రోజున సత్తెమ్మ వార్డంతా తిరిగి పెంట మహిమ చెప్పింది. రోజుల తరబడి ఎక్కించిన మందుకి పేరు రాలేదు, గుప్పెడు ఉల్లిపొట్టుకి వచ్చింది. మా జూనియర్ ఒకమ్మాయి ఉడుక్కుంది, "చూడండి సిస్టర్, మనం బతికిస్తే పెంట బతికించిందట!" అని. ఉడుక్కోకండి. ఆ పిల్లని గేటు లోపల ఉంచింది నిజంగా పెంటే. మీరు వార్డులో ఎవరి నమ్మకాన్నీ ఓడించక్కర్లేదు. పిల్ల గేటు దాటకుండా చూసుకోండి చాలు.

గ్రీకు పేరు

ఇంటికెళ్లాక ఏడుకొండలికి కొత్త పేరు మోజు పుట్టింది. ఏలూరు వెళ్లి సిద్ధాంతిగారి దగ్గర 'ఝాన్వితశ్రీ' అని పట్టుకొచ్చాడు. 'ఝ' సరిగ్గా ఒత్తి పలక్కపోతే ఫలితం ఉండదట. పాపం అతనికి అది 'జ'గానే వచ్చేది. కన్నతండ్రి పిలిచిన ప్రతిసారీ పిల్ల అదృష్టం కొంచెం కొంచెం కారిపోయే పేరు!

అడ్డం తిరిగింది సత్తెమ్మ కాదు, నాగమణి. టీకాలకి వచ్చినప్పుడు నేనే అడిగాను, "ఛీ అన్నావు కదే, మంచి పేరు పెట్టుకో ఇప్పుడు."

"ముందు ఇద్దరికీ చాలా మంచి పేర్లు అనుకున్నామండి. పిలవకుండానే పోయారు" అంది. నేను సూదిలోకి మందు తీసుకోవడంలో పడ్డాను.

బడిలో వేసేటప్పుడు ఇంగ్లీషు మీడియం ప్రిన్సిపాలుగారు ముక్కు చిట్లించి, పేరు మార్చుకు రమ్మన్నారట. అక్కడ వేరే రాష్ట్రం నించి వచ్చిన లెక్కల టీచరు ఒకావిడ, "పెంటా అంటే గ్రీకులో ఐదు, చాలా మోడరన్‌గా ఉంది" అనేసరికి ప్రిన్సిపాలుగారు వెంటనే రాసేసుకున్నారు. అదే పేరు. తెలుగులో అసహ్యం, గ్రీకులో ఫ్యాషను.

కల్యాణమండపంలో

నేను రిటైరైన ఏడాది గూడెంలో నాగమణి తమ్ముడి పెళ్లికి పిలిస్తే వెళ్లాను. మండపం నిండా పిల్లలు. భోజనాల వేళ తల్లులందరూ లేచి పిలుపులు మొదలెట్టారు. హన్సికా, మోక్షితా, లాస్యా, ఝాన్వీ. ఎవరూ పలకడం లేదు.

నాగమణి నా పక్క కుర్చీలోంచి లేచింది. "ఒసే పెంటా!"

మండపం మొత్తం ఒక్కసారి తిరిగింది. సన్నాయి వాయించే అతను కూడా చూశాడు. ముందు వరసలో పట్టుచీర ఒకావిడ నవ్వాపుకోలేక, "అదేం పేరండీ బాబూ, పెద్దయ్యాక పిల్ల మిమ్మల్ని తిట్టుకోదూ?" అంది. నాగమణి ఆవిడ వంక చూడలేదు. మెడ చాచి పిల్లల గుంపు వంకే చూస్తోంది. పిల్ల కనిపించేదాకా ఊపిరి తీసుకోలేదు.

లంగా నిండా దుమ్ముతో, ఒక జడ ఊడిపోయి, ఏడేళ్ల పిల్ల రొప్పుతూ పరుగెత్తుకొచ్చింది.

"ఏంటమ్మా! ఆడుకుంటుంటే! ఎందుకు పిలిచావు?"

"ఏం లేదే. పలుకుతావో లేదోనని."

పిల్ల "అబ్బా" అని కాళ్లు నేలకేసి కొట్టి, మళ్లీ ఆటలోకి పరుగెత్తింది. నాగమణి కూర్చుంది. కాసేపటికి లేచి మళ్లీ పిలిచింది.